డిప్రెషన్ మందులు వాడుతుంటే ముద్ద దిగట్లేదా? ఆకలి లేకపోవడం వేరు, సయించకపోవడం వేరు

గోదావరి జిల్లాల్లో మనిషి బాగున్నాడా లేదా అన్నది కంచం చూసి చెప్పేస్తారు. మొహం సంగతి తర్వాత, ముందు మారు పెట్టించుకున్నాడా, పెరుగు దాకా వచ్చాడా, మధ్యలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడా, ఇది చూస్తారు. అందుకే ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ వస్తే ఆ పేరు ఎవరి నోటా రాకముందే "ఈ మధ్య సరిగ్గా తినట్లేదండి" అన్న మాట వచ్చేస్తుంది. ఆ లెక్క తప్పేం కాదు. డిప్రెషన్ ఎంత ఉందో చూడ్డానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే 9 ప్రశ్నల ఫారం ఒకటుంది, అందులో 5వ ప్రశ్న ఇదే, గత 2 వారాల్లో ఆకలి తగ్గిందా, లేకపోతే మరీ ఎక్కువ తింటున్నారా అని.

చిక్కెక్కడంటే ట్రీట్‌మెంట్ మొదలయ్యాక కూడా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టేస్తాం. పాలకొల్లు నుంచో రాజోలు నుంచో రెండు బస్సులు మారి వెళ్ళి, ఓపీలో గంటలకి గంటలు కూర్చుని, తీరా పిలిచాక "తినట్లేదు సార్" అనేసి బయటికొస్తాం. డాక్టర్‌కి దానివల్ల తెలిసేది చాలా తక్కువ. నిజానికి దీనికి మన దగ్గర ఉన్నన్ని మాటలు ఎన్ని భాషల్లో ఉంటాయో అనుమానమే. ఆకలి వెయ్యట్లేదు, తినబుద్ధి కావట్లేదు, సయించట్లేదు, నోటికి హితవుగా లేదు, ముద్ద దిగట్లేదు, కడుపులో తిప్పుతోంది. అన్నీ ఒకటే అనుకుంటాం గానీ ఒక్కో మాట వెనక కారణం వేరు, చెయ్యాల్సిన పనీ వేరు.

తినబుద్ధి కావట్లేదు అన్నది ఎక్కువగా జబ్బు తాలూకు మాట. డిప్రెషన్‌లో దేని మీదా ఆశ పుట్టదు, సీరియల్ మీద పుట్టదు, కొత్త చీర మీద పుట్టదు, ఆఖరికి మనవరాలి ఆటల మీద కూడా పుట్టదు, మరి పులస పులుసు మీద మాత్రం ఎలా పుడుతుంది. కడుపు ఖాళీగానే ఉంటుంది, ఒక్కోసారి కాళ్ళు తేలిపోతుంటాయి కూడా, అయినా తినాలన్న కోరిక రాదు. నోట్లో పెట్టుకుంటే ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, బాగుంది అనిపించడం మాత్రం ఉండదు. "గడ్డి తిన్నట్టుంది" అంటారు చూడండి, అదన్నమాట. ఇది చాలామందికి పొద్దున్న పూట ఘోరంగా ఉండి సాయంత్రానికి కాస్త తెరిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసినా ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది, ఎందుకంటే మన ఇళ్ళల్లో పొద్దున్నే టిఫిన్ తినలేదని మొదలైన యుద్ధం మధ్యాహ్నం భోజనం దాకా సాగుతుంది, రాత్రికి అందరూ అలిసిపోయి ఏదో కానిచ్చేస్తారు. ఈ మనిషికి ఆ వరస తిరగెయ్యాలి. పొద్దున్న అర గ్లాసు జావతో సరిపెట్టి, అసలు భోజనం సాయంత్రం 6, 7 గంటలప్పుడు, మనసు కాస్త తేలికపడే టైమ్‌కి పెట్టాలి.

ఇంకోటేంటంటే ఆకలి వేశాక పెడదాంలే అని ఆగకూడదు. ఈ జబ్బులో ఆకలి కబురు చెయ్యదు. గడియారం చూసి, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం, మందు వేసుకున్నట్టే తినాలి, ఇష్టంతో సంబంధం లేదు.

సయించట్లేదు, పోపు వాసనొస్తే తిప్పుతోంది, ఇలాంటి మాటలు కొత్తగా మాత్ర మొదలెట్టిన వారంలో వస్తే అనుమానం మాత్ర మీదకి పోవాలి. ఫ్లూఆక్సెటీన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు ఎక్కువ రాస్తుంటారు కదా, ఇవి సెరటోనిన్ అనే పదార్థం మీద పని చేస్తాయి, ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతం దాకా ఉండేది పేగుల్లోనే. అందుకని మాత్ర తల కోసం వేసుకున్నా ముందు కడుపుకి తెలుస్తుంది. ఈ వికారం మామూలుగా 1, 2 వారాల్లో సర్దుకుంటుంది. మనసు తేలికపడటం మొదలయ్యేది 2 నుంచి 4 వారాలకి, పూర్తి గుణం కనపడేసరికి 6, 8 వారాలు పట్టొచ్చు. అంటే మొదటి పక్షం రోజులు నష్టమే కనిపిస్తుంది, లాభం కనపడదు, సరిగ్గా అక్కడే చాలామంది "ఈ మందు పడలేదు" అని డబ్బా పక్కన పడేస్తారు. ఆ రెండు వారాలు దాటించడానికే అసలు కష్టమంతా.

ఖాళీ కడుపున కాకుండా ఏదో ఒకటి తిన్నాక మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది. తగ్గకపోతే మాత్ర వేసుకునే పూట మార్చొచ్చా, డోసు తక్కువతో మొదలెట్టి పెంచొచ్చా అని డాక్టర్‌ని అడగాలి, ఇవి మామూలు ప్రశ్నలే, ఎవరూ కసురుకోరు, కసురుకున్నా అడగాలి. అప్పటికీ ఆకలి రాక, నిద్ర కూడా లేకపోతే మిర్టజపీన్ లాంటి మందు ఉంది, రాత్రి పూట వేసుకునేది, నిద్రా ఆకలీ రెండూ పెంచుతుంది, తర్వాత బరువు కూడా పెరగొచ్చు. బుప్రోపియాన్ అయితే దీనికి ఎదురు, ఉన్న ఆకలిని కూడా తగ్గించొచ్చు. డిప్రెషన్ మందులన్నీ ఒకలా ఉండవని చెప్పడానికే ఈ రెండు పేర్లు, పక్కింటాయన చీటీ చూసి మెడికల్ షాపులో తెచ్చుకోమని కాదు.

నోరు ఎండిపోయి ముద్ద దిగకపోవడం ఇంకో రకం. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులతో ఇది ఎక్కువ, లాలాజలం తగ్గుతుంది, మలబద్ధకం కూడా చేస్తుంది, నాలుగు రోజులు విరోచనం అవ్వకపోతే ఎవరికి మాత్రం ఆకలేస్తుంది. వీళ్ళకి పొడి కూరలూ వేపుళ్ళూ పక్కన పెట్టి చారు, పులుసు, పప్పుచారు పోసి జారుగా కలిపి పెడితే దిగుతుంది. అయితే అన్నం నిజంగానే గొంతులో అడ్డంపడుతోంది, నీళ్ళు తాగితే గానీ దిగట్లేదు అంటే అది మందు మీద తోసేసే సంగతి కాదు, గొంతు చూపించాలి. అలాగే థైరాయిడ్ తగ్గడం, టీబీ, బీ12 తక్కువవడం, కిడ్నీ ఇబ్బంది, వీటన్నిటిలోనూ ఆకలి పోతుంది, నీరసంగా దిగులుగా కూడా ఉంటుంది, కాబట్టి ఒకసారి రక్త పరీక్షలు చేయించడంలో నష్టం లేదు.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి. మెట్‌ఫార్మిన్‌తో నోరు అదోలా ఉండి ఆకలి తగ్గడం ఉంటుంది, అది ఒక ఎత్తు. అసలు ప్రమాదం గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతో, ఇన్సులిన్‌తో. మనిషి డిప్రెషన్‌తో తినడం మానేశాడు, షుగర్ మాత్ర మాత్రం 20 ఏళ్ళ అలవాటు కొద్దీ టంచనుగా వేసేసుకుంటున్నాడు, గంట తిరిగేసరికి చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు "మళ్ళీ కంగారు మొదలైంది" అనుకుని పడుకోబెడతారు, అది కంగారు కాదు షుగర్ పడిపోవడం, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. తిండి తగ్గింది అన్న సంగతి సైకియాట్రిస్ట్‌కే కాదు షుగర్ చూసే డాక్టర్‌కి కూడా చెప్పాలి, ఈ రెండో ఫోన్ ఎవరూ చెయ్యరు.

ఇక ఇంట్లో జరిగే తంతు. కొసరి కొసరి వడ్డించడం ఇక్కడ మర్యాద, చాలనడం తినేవాడి మర్యాద, చాలన్నాక కూడా ఇంకో గరిటె వెయ్యడం పెట్టేవాళ్ళ ప్రేమ. మామూలు రోజుల్లో ఇది ముచ్చటే, డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం అదొక పరీక్ష హాలు. ఎదురుగా పెద్ద కంచం, మధ్యలో గుట్టగా అన్నం, చుట్టూ పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, అప్పడం, ఎదురుగా అమ్మ, తలుపు దగ్గర అత్తయ్య, "ఓ రెండు ముద్దలు ఎంగిలి పడమ్మా", "నా మీద ఒట్టు", "నీకోసమే పొద్దున్నుంచీ వండాను". ఆ కంచం చూడగానే ఓడిపోయినట్టు అనిపిస్తుంది, తినలేకపోయినందుకు మళ్ళీ తప్పు చేశామన్న దిగులు, దాంతో మర్నాడు భోజనం టైమ్ వస్తోందంటేనే భయం. బలవంతం వల్ల లోపలికి వెళ్ళేది రెండు ముద్దలు, పోయేది మూడు పూటల ధైర్యం.

దీనికి బదులు కంచం తీసేసి చిన్న స్టీలు గిన్నె పెట్టి చూడండి. అందులో నాలుగైదు చెంచాల పెరుగన్నం, చల్లగా, మెత్తగా మెదిపి, పైన చిన్న మాగాయ ముక్క, పక్కన చెంచా. అంతే. గిన్నె ఖాళీ అవుతుంది, ఖాళీ అయిన గిన్నె చూసుకోవడం ఆ మనిషికి కూడా ఊరటే. ఇంకాస్త కావాలంటే అడుగుతారు, అడగకపోతే రెండు గంటలాగి ఇంకో గిన్నె. పక్కన ఎవరో ఒకళ్ళు కూర్చుని తామూ తింటూ కొబ్బరికాయ రేటు సంగతో, కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారో, ఏదో ఒక లోకాభిరామాయణం మాట్లాడుతుంటే మంచిది, ఎన్ని ముద్దలు తిన్నారో లెక్కపెట్టకుండా.

తినేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలో సరుకుండాలి. జబ్బు మనిషి అనగానే మన దగ్గర పల్చటి మజ్జిగ, బార్లీ నీళ్ళు, గంజి తేటతో సరిపెట్టేస్తారు, నీళ్ళ మజ్జిగ గ్లాసుడు తాగితే కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. అదే గ్లాసులో 200 మిల్లీలీటర్ల గేదె పాలు, రెండు చెంచాల రాగిపిండి, చిన్న బెల్లం ముక్క వేసి కాచి చల్లారిస్తే సుమారు 300 కేలరీలు. పెరుగన్నంలో ఒక చెంచా నెయ్యి కలిపితే ఇంకో 45, కలిపినట్టు కూడా తెలియదు. ఉడకబెట్టిన గుడ్డుకి 6 గ్రాముల ప్రోటీన్. సున్నుండ అయితే ఈ పని కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది, మినుములు, బెల్లం, నెయ్యి, నమలడానికి కష్టం లేదు, వేడి చెయ్యక్కర్లేదు, మంచం పక్కన డబ్బాలో రెండు పెట్టేస్తే ఎవరూ చూడనప్పుడు తింటారు (ఎవరూ చూడనప్పుడు తినడం ఈ జబ్బులో పెద్ద విషయం, దొంగతనంగా తిన్నా తిన్నట్టే). రావులపాలెం గెలల ఊళ్ళో అరటిపండు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ముద్దపప్పు, నెయ్యి, కాస్త ఆవకాయ కలిపిన ముద్ద చాలామందికి ఆఖరి దాకా సయిస్తుంది, బహుశా చిన్నప్పటి ముద్ద కాబట్టి.

వికారం ఉన్నవాళ్ళకి వాసనే శత్రువు. నూనెలో చేప ముక్క పడ్డ వాసన, ఎండు రొయ్యలు వేపిన ఘాటు వీధి చివరిదాకా వస్తాయి, ఇంట్లో వంటగది పక్క గదిలో పడుకున్న మనిషి పరిస్థితి చెప్పక్కర్లేదు. వండేటప్పుడు ఆ మనిషిని వీధి అరుగు మీదకో పెరట్లో కొబ్బరిచెట్ల కిందకో పంపేయడం సులువు. వేడి తిండి కంటే చల్లారిన తిండికి వాసన తక్కువ, అందుకే ఇడ్లీ కంటే చద్దన్నం, పొగలు కక్కే పులుసు కంటే మర్నాటి పులుసు సులువుగా దిగుతాయి. చేపల పులుసు ఎలాగూ మర్నాటికే రుచి అంటారు కదా ఇక్కడ. భోజనం మధ్యలో గ్లాసులకొద్దీ నీళ్ళు తాగితే కడుపు నిండిపోతుంది, నీళ్ళు తిండికీ తిండికీ మధ్య తాగడం మేలు.

ఇప్పుడు సెలైన్ సంగతి. రెండ్రోజులు తినకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిని పిలిచి ఒక బాటిల్ ఎక్కించడం మనకి పెద్ద ధైర్యం. 500 మిల్లీలీటర్ల 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండే గ్లూకోజ్ 25 గ్రాములు, కేలరీల్లో చెప్పాలంటే 100 లోపే, ఒక అరటిపండుకి సమానం, అరటిపండులో ఉండే మిగతావేవీ అందులో ఉండవు. ఒంట్లో నీళ్ళు తగ్గితే దాని అవసరం వేరు, బలం కోసం అయితే మాత్రం గంటన్నర మంచం మీద పడుకుని సూది ద్వారా అరటిపండు తిన్నట్టు. ఆకలి టానిక్‌ల గురించి ఇంకాస్త జాగ్రత్త కావాలి. షాపుల్లో అడిగితే ఇచ్చే చాలా ఆకలి సిరప్‌లలో ఉండే మందు సైప్రోహెప్టడీన్. అది ఆకలి పెంచే మాట నిజమే, కానీ అది సెరటోనిన్‌కి అడ్డుపడే మందు, డిప్రెషన్ మాత్ర చేసే పని ఏదో దానికే ఎదురెళ్ళొచ్చు, పైగా మత్తు. డాక్టర్‌కి చెప్పకుండా వాడకూడనిది ఇది.

"ఈ మందులు వేడి చేస్తాయి" అన్నది ఇంకో మాట. వేడి అని వాళ్ళు చెప్పేదాన్ని విడదీసి చూస్తే నోరెండడం, చెమటలు, కడుపులో మంట, ఇవి నిజంగా ఉండేవే, కొట్టిపారెయ్యక్కర్లేదు. కానీ ఆ పేరు పెట్టగానే పథ్యం మొదలవుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు, నెయ్యి వద్దు, వంకాయ వద్దు, ఇప్పటికే నాలుగు ముద్దలు తినే మనిషికి ఆ నాలుగూ కూడా పథ్యం ముద్దలైపోతాయి. మామూలుగా రాసే డిప్రెషన్ మందులకి అలాంటి పథ్యం ఏదీ లేదు, సారా బ్రాందీలు తప్ప. అవి మాత్రం మానాల్సిందే, ఆకలి కోసం ఒక పెగ్గు అన్న సలహాతో సహా.

వీటన్నిటికంటే పట్టుకోవడం కష్టమైన కేసు ఒకటుంది, వంట చేసే మనిషికే డిప్రెషన్ వస్తే. అందరికీ వడ్డించాక ఆఖర్న, ఒక్కతే, వంటింట్లో పీట మీద కూర్చుని తినే మనిషి తిన్నదో లేదో చూసేవాళ్ళెవరు. పైగా సాకులు రెడీగా ఉంటాయి, ఇవాళ సోమవారం, ఇవాళ శనివారం ఒంటిపూట, కార్తీకమాసం కదా ఉపవాసం. నెలలో పది ఉపవాసాలు కాస్తా పదిహేనైతే అది భక్తి అనుకుంటారు గానీ జబ్బని ఎవరికి తడుతుంది. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఉపవాసం ఉండాలా వద్దా అన్నది దేవుడికీ వాళ్ళకీ మధ్య సంగతి కావచ్చు, ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే వికారం పెరుగుతుందన్నది మాత్రం ఖాయం.

అలాగే కోనసీమలో కొడుకో కూతురో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ ముసలాళ్ళు ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే ఉన్న ఇళ్ళు. రోజూ ఫోన్ వస్తుంది, "భోజనం అయ్యిందా అమ్మా", "అయ్యింది నాన్నా, నువ్వు తిన్నావా". పిల్లలు కంగారుపడతారని చెప్పే అబద్ధం అది. "ఏం కూర" అని అడిగితే కాస్త నయం, భోజనం టైమ్‌కే వీడియో కాల్ చేసి ఎదురుగా తినడం ఇంకా నయం. పెద్దవాళ్ళలో ఇంకో లోతు కూడా ఉంది, డిప్రెషన్ మాత్రలతో కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది, బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా వాడుతుంటే ఆ అవకాశం ఎక్కువ. వికారం, తలనొప్పి, మగత, మాట పొంతన లేకపోవడం కనిపిస్తే ముసలితనం అనుకోకుండా సోడియం పరీక్ష చేయించాలి. ఇలాంటప్పుడు కొబ్బరి బొండం మంచిదే కదా అని తాగించేస్తారు, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, ఈ లోటు అది తీర్చదు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఆ పొటాషియంతో చిక్కు కూడా. మూడ్‌ని నిలకడగా ఉంచడానికి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళు మే నెల ఉక్కలో తిండీ నీళ్ళూ రెండూ తగ్గిస్తే ఒంట్లో మందు మోతాదు మించిపోతుంది, చేతులు బాగా వణకడం, వాంతులు, విరోచనాలు, తూలడం మొదలైతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

బరువు చూసుకోవడానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు, వారానికోసారి ఒకే మిషన్ మీద, ఒకే టైమ్‌లో. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసే గడిలోనే ఆ రోజు ఎన్నిసార్లు తిన్నారో ఒక అంకె వేసి, వారానికోసారి బరువు రాసి, డాక్టర్ దగ్గరికి ఆ కాగితం ఫొటో తీసి పట్టుకెళ్తే చాలు, "తినట్లేదు సార్" కంటే వెయ్యి రెట్లు పనికొస్తుంది. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. 5 రోజులకి పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం కూడా ప్రమాదమే, రక్తంలో లవణాలు తారుమారై గుండె మీదకి వస్తుంది, అలాంటివాళ్ళకి ఆస్పత్రిలోనే మెల్లగా మొదలెడతారు. నీళ్ళు కూడా ముట్టకపోతే అది అత్యవసరం. ఈ స్థితిలో డాక్టర్లు కరెంటు ట్రీట్‌మెంట్ అంటే ఇళ్ళల్లో హడిలిపోతారు గానీ, మత్తు ఇచ్చి చేసే ఈసీటీ త్వరగా పని చేస్తుంది కాబట్టే తిండి పూర్తిగా మానేసినవాళ్ళకి దాన్ని ఎంచుకుంటారు. చచ్చిపోవాలన్న మాటలు వినిపిస్తే ఆకలి సంగతి పక్కన పెట్టి మనిషిని ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. టెలీ మానస్ 14416కి ఏ వేళలో అయినా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మందు పట్టడం మొదలయ్యాక చాలామందిలో మనసు కంటే ముందు నిద్ర, ఆకలి తిరిగొస్తాయి. ఆ మనిషికి తెలియదు, "నాకేం తేడా లేదు" అనే అంటారు, చూసేవాళ్ళకి తెలుస్తుంది. ఓ పూట గిన్నె పక్కన పెట్టి "ఈ పులుసులో ఉప్పు తక్కువైంది" అంటారు. వండినవాళ్ళకి చివుక్కుమంటుంది, ఇన్నాళ్ళూ బతిమాలి పెడితే ఇప్పుడు వంకలు పెడుతున్నారని. రెండు నెలల నుంచీ ఉప్పు ఎక్కువైనా తక్కువైనా పట్టని మనిషి ఉప్పు అడుగుతున్నారు, ఇవ్వండి. మాత్రలు మాత్రం అప్పుడే ఆపడానికి లేదు, బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడిస్తారు, ఆపేటప్పుడు కూడా మెల్లమెల్లగా తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడంతో పాటు ఆ పాత వికారమే మళ్ళీ మొదలవ్వచ్చు.